అందరూ ఆస్పత్రిలోనే కంటున్నారు కదా, ఇంకా ఊళ్లో మీటింగులెందుకు?

మన్యం_కుర్రాడు:
అందరికీ నమస్కారం. పాడేరు వైపు ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో పని చేస్తున్నాను. మొత్తం నలుగురం. గర్భిణులు, బాలింతలు, పసిపిల్లల కోసం ఏదైనా చెయ్యమని వచ్చే ఏడాదికి కొంచెం డబ్బు వచ్చింది. కొంచెమంటే నిజంగా కొంచెమే. అంబులెన్స్ మాట దేవుడెరుగు, ఒక నర్సుని పెట్టుకోవడానికి కూడా చాలదు. అందుకని 12 గూడేల్లో నెలకోసారి ఆడవాళ్లని కూర్చోబెట్టి మాట్లాడిద్దామని అనుకున్నాం. జార్ఖండ్‌లో ఇలాగే చేసి పసిపిల్లల చావులు తగ్గించారని చదివాను.

మొన్న ఒక పెద్దాయన దగ్గరికి ఈ విషయం చెప్పడానికి వెళ్లాను. ఆయన నవ్వి, "కాన్పులన్నీ ఆస్పత్రిలోనే అవుతున్నాయి బాబూ. మీటింగు పెట్టి ఏం చెప్తారు, చేతులు కడుక్కోమనా?" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

ఈ పనిలో ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని తెలుసు. మీటింగుల వల్ల నిజంగా ప్రాణాలు నిలుస్తాయా, లేక ఫొటోలు దిగడానికేనా?

లెక్కల_మాస్టారు:
ఫొటోలు దిగడానికే.

కోప్పడకు తమ్ముడూ. ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను. అవగాహన సదస్సు అంటే ఒక బ్యానరు, ఒక మైకు, చివర్లో బిస్కెట్ ప్యాకెట్టు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రాలో 96.5 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే అవుతున్నాయి. మీ పెద్దాయన అడిగిన దాంట్లో తప్పేముంది?

పిల్లల_డాక్టర్:
మాస్టారూ, కాన్పు ఆస్పత్రిలోనే అవుతుంది. కానీ ఆ తర్వాత బిడ్డ ఎక్కడుంటుంది?

మామూలు కాన్పయితే 48 గంటలకి డిశ్చార్జ్. చాలాచోట్ల మంచాలు ఖాళీ లేక అంతకంటే ముందే పంపేస్తారు. నెల లోపు పోయే పిల్లల్లో దాదాపు నాలుగింట మూడు వంతుల మంది మొదటి వారంలోనే పోతారు. మొదటి రోజు గండం చాలా మటుకు ఆస్పత్రి చేతిలో ఉంటుంది. మూడో రోజు నుంచి అది ఇంటి చేతిలోకి వస్తుంది. నా వార్డుకి ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో వచ్చే బిడ్డలు ఎలా వస్తారో తెలుసా? ఒళ్లు చల్లగా, పాలు మానేసి, కొన ఊపిరితో. "ఎప్పట్నుంచి పాలు తాగట్లేదమ్మా?" అని అడిగితే "మొన్నట్నుంచి" అంటారు. మొన్న తీసుకొచ్చి ఉంటే చాలా చిన్న వైద్యంతో నయమయ్యేది.

ఇంకో విషయం. ఆ 97 శాతం రాష్ట్రం మొత్తానికి సగటు. పాడేరు కొండల మీద డోలీ మోసేవాడికి ఆ సగటుతో పనేముంది?

ఆశా_అక్క:
డాక్టర్ గారు చెప్పింది నిజం. నేను ఆశాగా 14 ఏళ్ల నుంచి చేస్తున్నా. మాది ఆసిఫాబాద్ వైపు.

ఆస్పత్రిలో కాన్పయితే మేం 6 సార్లు ఇంటికి పోవాలి: 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో. ఇంటి దగ్గరే అయితే మొదటి రోజు కూడా కలిపి 7 సార్లు. 2011లో మొదలైంది ఈ పద్ధతి. అన్నిసార్లకీ కలిపి 250 రూపాయలు. అది వేరే కథ, ఇక్కడ వద్దు.

ఒకసారి ఏడో రోజు ఒక ఇంటికి పోయిన. బిడ్డ పుట్టినప్పుడు 2 కిలోల 100 గ్రాములు. నానమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చి, "మా మనవరాలు బంగారం, రాత్రంతా ఏడవనే ఏడవలే, పాలకి కూడా లేవలే" అని మురిసిపోతోంది. నాకు గుండె గుభేల్మంది. లోపలికి పోయి చెయ్యి వెనక్కి తిప్పి బిడ్డ పొట్ట తాకి చూసిన, వెచ్చగా ఉంది. పాదాలు తాకితే మంచులా ఉన్నయ్. బట్ట తీసి ఫోన్‌లో టైం పెట్టి ఊపిరి లెక్కపెడితే నిమిషానికి 68. అనుమానమొచ్చి మళ్లీ లెక్కపెట్టిన, 66. రెండు నెలల లోపు బిడ్డకి 60 వచ్చినా దాటినా ఆస్పత్రికి పంపాలని మాకు నేర్పిన్రు. తల్లి రవికెలోపల బిడ్డని ఒంటికి ఆనించి, పైన దుప్పటి కప్పి 108కి ఫోన్ చేసిన.

ఆ పిల్ల ఇప్పుడు రెండో తరగతి.

నేను చెప్పొచ్చేదేమంటే, ఆ ముసలమ్మకి మనవరాలి మీద ప్రేమ లేక కాదు. ఏడవని బిడ్డ మంచి బిడ్డ అనుకుంది. నేను ఆ రోజు పోకపోతే ఇంకో రోజు మురిసిపోతూనే ఉండేది. మీటింగులో ఈ ఒక్క మాట పడినా చాలు కదా?

లెక్కల_మాస్టారు:
అక్కా, మీకు దండం. కానీ అది మీ పని గొప్పతనం, మీటింగు గొప్పతనం కాదు. ఇంటికి వెళ్లి బిడ్డని తాకి చూడటం వేరు, చెట్టు కింద కూర్చుని మాట్లాడటం వేరు.

సిరొంచ_వాసి:
మాది సిరొంచ. ప్రాణహిత, గోదావరి కలిసే చోట ఇవతల మేము, అవతల కాళేశ్వరం. మహారాష్ట్ర అన్నమాటే గానీ ఇంట్లో తెలుగే. ఆశా అక్క చెప్పిన ఇంటింటి పద్ధతి పుట్టింది మా గడ్చిరోలి జిల్లాలోనే కాబట్టి నాకు తెలిసింది రాస్తాను.

అభయ్ బంగ్, రాణి బంగ్ అనే డాక్టర్ దంపతులు అమెరికాలో చదువుకుని వచ్చి 1980ల్లో ఇక్కడ 'సెర్చ్' సంస్థ పెట్టారు. ఆస్పత్రి ఉన్న ఆవరణ పేరు శోధ్‌గ్రామ్. మా అమ్మ వైద్యానికి వెళ్లినప్పుడు చూశాను, అచ్చం గోండు పల్లెలా కట్టారు. ఆస్పత్రికి దంతేశ్వరీ మాత పేరు పెట్టారు.

అప్పట్లో ఆ ఊళ్లలో పుట్టిన వెయ్యిమందిలో 62 మంది నెల తిరక్కుండానే పోయేవారు. ఆస్పత్రికి రమ్మంటే వచ్చేవారు కాదు. దారి లేదు, డబ్బు లేదు, పురిటి మైల పోకుండా బాలింత గడప దాటకూడదు. సరే, మీరు రాకపోతే వైద్యమే మీ ఇంటికి వస్తుందన్నారు. 39 ఊళ్లలో ఐదు నుంచి పదో తరగతి దాకా చదివిన ఆడవాళ్లని తీసుకుని, పుట్టగానే ఊపిరి అందని బిడ్డకి మాస్క్ పెట్టి గాలి ఊదడం, బరువు తూచడం, వెచ్చగా ఉంచడం, రక్తంలో ఇన్ఫెక్షన్ లక్షణాలు కనిపెట్టి జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజక్షన్ వెయ్యడం నేర్పారు. వాళ్లని ఆరోగ్యదూత్ అంటారు. పోల్చి చూడ్డానికి వేరే 47 ఊళ్లు పెట్టుకున్నారు. మూడో ఏడాదికి ఆ 62 కాస్తా 25 చిల్లరకి వచ్చింది. 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది.

చదువురాని మంత్రసానులు కూడా బిడ్డ ఊపిరి లెక్కపెట్టేలా పూసలూ, నిమిషం ఇసుక గడియారమూ ఉన్న చిన్న పరికరం ఒకటి కూడా అంతకుముందే తయారు చేశారు. ఆశా అక్క ఫోన్ చేసే పని ఆ రోజుల్లో ఆ పూసలు చేశాయి.

ఏజెన్సీ_నర్సు:
పదో తరగతి చదివిన అమ్మాయి పసిబిడ్డ తొడకి ఇంజక్షన్ వెయ్యడమా! నేను ఏఎన్ఎం ట్రైనింగ్ చేసి, పదేళ్లు సర్వీసు అయ్యాక కూడా రెండు కిలోల బిడ్డకి సూది వెయ్యాలంటే చెయ్యి వణుకుతుంది.

పిల్లల_డాక్టర్:
సిస్టర్, మా డాక్టర్లు కూడా అప్పట్లో సరిగ్గా ఇదే అన్నారు. నేనూ అన్నాను, పీజీ చేస్తున్న రోజుల్లో. తర్వాత లెక్కలు చూసి నోరు మూసుకున్నాను. ఆ ఊళ్లలో ఇన్ఫెక్షన్ వచ్చిన పసిబిడ్డల్లో నూటికి 16 మందికి పైగా పోయేవారు, ఆ అమ్మాయిల చేతిలో అది 3 లోపుకి వచ్చింది. వాళ్లకి ఇచ్చిన శిక్షణ, వెనకాల ఉన్న పర్యవేక్షణ అలాంటివి. 2014లో మన ప్రభుత్వమే, ఆస్పత్రికి పంపడం కుదరనప్పుడు మీలాంటి ఏఎన్ఎంలు జెంటామైసిన్ వెయ్యొచ్చని అనుమతి ఇచ్చింది. ఆశాలకి మాత్రం సూది ఇవ్వలేదు. గడ్చిరోలి పద్ధతి దేశమంతా వచ్చేసరికి ఇంటికెళ్లి చూడటం మిగిలింది, అక్కడికక్కడ వైద్యం చెయ్యడం జారిపోయింది. అది సరైనదే అంటారా, కాదంటారా అని నన్ను అడిగితే ఇప్పటికీ తేల్చుకోలేను. 108 అరగంటలో వచ్చే ఊళ్లో సరైనదే. రాని చోట?

ఇప్పచెట్టు:
ఆలస్యంగా చూశాను. మన్యం తమ్ముడు జార్ఖండ్ అన్నాడు కాబట్టి ఇది నేను రాయాల్సిన కబురు. మాది శ్రీకాకుళం. పెళ్లికి ముందు రెండేళ్లు చాయిబాసాలో, అంటే పశ్చిమ సింగ్‌భూమ్ జిల్లాలో ఉన్నాను.

నువ్వు చదివింది 'ఏక్‌జుట్' అనే సంస్థ పని గురించి. ప్రశాంత త్రిపాఠి, నిర్మలా నాయర్ పెట్టిన సంస్థ. జార్ఖండ్‌లో రెండు జిల్లాలు, ఒడిశాలో కెందుఝర్, మూడు చోట్లా ఎక్కువగా ఆదివాసీలే. 2005 నుంచి 2008 దాకా చేశారు. మీటింగులు జరిగిన చోట పసిపిల్లల మరణాలు మూడేళ్ల మీద 32 శాతం తక్కువ, చివరి రెండేళ్లలో అయితే 45 శాతం తక్కువ. వాళ్లకంటే ముందు నేపాల్‌లో, మక్వాన్‌పూర్ కొండల్లో ఇదే పద్ధతి చేస్తే 30 శాతం తగ్గింది.

మాస్టారి బ్యానరు, మైకు నాకు బాగా తెలుసు. ఇది అది కాదు. ఒకరోజు మీటింగు ఎలా జరిగిందో చెప్తాను.

ఇప్ప చెట్టు కింద పాతికమంది కూర్చున్నారు. నడిపేది డాక్టరూ కాదు, నర్సూ కాదు. పక్క ఊరి కోడలు, అక్కడి ఆదివాసీల హో భాష మాట్లాడేది. ఆమె చేతిలో బొమ్మల కార్డులు. ఒక కథ మొదలుపెట్టింది. ఫలానా ఊళ్లో ఫలానా ఆమెకి బిడ్డ పుట్టి మూడో రోజు పోయింది. ఎందుకు పోయింది? ఒళ్లు చల్లబడిపోయింది అన్నారు. ఎందుకు చల్లబడింది? కటిక నేల మీద పడుకోబెట్టారు. ఎందుకు నేల మీద పెట్టారు? మాయ పడేదాకా బిడ్డని ఎవరూ ముట్టుకోరు కదా. మాయ ఎందుకు ఆలస్యమైంది? ఆ తల్లికి బలం లేదు, నెలలు నిండేదాకా కట్టెలు మోసింది. ఎందుకు మోసింది?

ఇక్కడికి వచ్చేసరికి అందరూ ఒక్కసారి ఆగిపోయారు. వెనకాల కూర్చున్న ఒక అత్తగారు "నేనే మోయించాను" అంది. కథలో ఆమె గురించి కాదు, తన కోడలి గురించి. ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. పక్కనున్నామె తలగుడ్డ సర్దుకుంటూ "మేమందరం మోశాం, మోయించాం" అంది.

ఆ రోజు ఎవరూ ఎవరికీ ఏమీ బోధించలేదు. వచ్చే నెల మళ్లీ కూర్చుని, ఏ సమస్య ముందు తేల్చాలో గింజలు వేసి ఓటు పెట్టుకున్నారు. బిడ్డ పుట్టగానే తుడిచి చుట్టడానికి రెండు పొడి పాతబట్టలు ఉతికి, ఎండలో ఆరేసి ముందే మూట కట్టి పెట్టుకోవాలని వాళ్లే అనుకున్నారు. ఎవరింట్లో మూట తయారుగా ఉందో చూసొచ్చే బాధ్యత ఆ అత్తగారే తీసుకుంది. ఇలా 20 మీటింగులు. ముందు సమస్యలు తవ్వడం, తర్వాత ఉపాయం ఆలోచించడం, తర్వాత చెయ్యడం, ఆఖర్న ఏమైందో చూసుకోవడం.

చిత్రమేమంటే, అక్కడ ఆస్పత్రికి వెళ్లేవాళ్లు పెద్దగా పెరగలేదు. ఇంట్లో జరిగే కాన్పే శుభ్రంగా జరిగింది. మంత్రసాని చేతులు కడుక్కుంది, దారం ఉడకబెట్టారు, బిడ్డని వెచ్చగా పెట్టారు, తల్లిపాలే పట్టారు. మరీ పేదవాళ్ల ఇళ్లల్లోనే ఎక్కువ ప్రాణాలు నిలిచాయి. మూడో ఏడాదికి బాలింతల్లో ఓ మోస్తరు స్థాయి డిప్రెషన్ కూడా సగానికి పైగా తగ్గింది. దీనికి మందేమిటి అంటే, నెలకోసారి పదిమందిలో కూర్చోవడం. నాకైతే అంతకంటే కారణం కనపడలేదు.

బుజ్జిగాడి_అమ్మ:
ఇప్పచెట్టు అక్కా, ఆ చివరి మాట చదివి కళ్లల్లో నీళ్లొచ్చాయి. నేను హైదరాబాద్‌లో, మంచి ఆస్పత్రిలో కన్నాను. ఆపరేషన్. డబ్బుకి లోటు లేదు. డిశ్చార్జ్ అప్పుడు ఫైల్ ఇచ్చారు, బిల్లు ఇచ్చారు, బిడ్డకి పాలు ఎలా పట్టాలో మాత్రం ఎవరూ చూపించలేదు. పదో రోజుకి బాబు 400 గ్రాములు తగ్గాడు. అమ్మ పసుపు నీళ్ల స్నానం అంటుంది, అత్తగారు సాంబ్రాణి పొగ అంటుంది, ఆయన యూట్యూబ్ అంటారు. నేను బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని. నాకూ ఒక ఇప్పచెట్టు ఉంటే బావుండేది.

ఏజెన్సీ_నర్సు:
సాంబ్రాణి గురించి ఒక మాట, మీటింగుల్లో తప్పకుండా వస్తుంది కాబట్టి. "పొగ వెయ్యొద్దు" అని చెప్తే ముసలమ్మలు నన్ను గుమ్మం ఎక్కనివ్వలేదు. తర్వాత తెలివి తెచ్చుకుని, "ధూపం తల్లి జుట్టుకి వెయ్యండి, బిడ్డని అప్పుడు తాతయ్య పట్టుకుని బయట కూర్చుంటాడు" అన్నాను. ఒప్పుకున్నారు. స్నానం కూడా అంతే. పుట్టిన రోజు స్నానం వద్దు, బరువు తక్కువ బిడ్డ అయితే ఇంకా ఆగాలి అంటే "మురికి బిడ్డా?" అంటారు. "ఒంటి మీద తెల్లటి జిడ్డు దేవుడు రాసిన వెన్న, దాన్ని కడగొద్దు" అని మా దగ్గర ఒక మంత్రసాని చెప్పేది. అప్పట్నుంచి నేనూ అదే మాట వాడుతున్నా.

లెక్కల_మాస్టారు:
ఇప్పచెట్టు అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. రాత్రి కూర్చుని, కొన్ని ఊళ్లలో ఈ మీటింగులు పెట్టి, పెట్టని ఊళ్లతో పోల్చి చూసిన పరీక్షలన్నీ వెతికాను. నా మొదటి మాట వెనక్కి తీసుకుంటున్నాను, కానీ సగమే.

ఇదే పద్ధతి బంగ్లాదేశ్‌లో మొదటిసారి చేస్తే ఏమీ తగ్గలేదు. ముంబై మురికివాడల్లో చేసినా తగ్గలేదు. ఎందుకని చూస్తే, బంగ్లాదేశ్‌లో మొదటిసారి దాదాపు 1,400 మంది జనాభాకి మీటింగులో కూర్చునే ఆడవాళ్ల సంఘం ఒకటి. గర్భిణుల్లో వచ్చింది వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. రెండోసారి 309 మందికి ఒక సంఘం పెట్టారు, కొత్త తల్లుల్లో మూడో వంతు పైగా వచ్చారు. అప్పుడు పసిపిల్లల మరణాలు 38 శాతం తగ్గాయి. 2013లో ఇలాంటి ఏడు పరీక్షల్నీ కలిపి చూశారు. గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది సంఘానికి వచ్చిన చోట తల్లుల మరణాలు సగానికి సగం, పిల్లల మరణాలు మూడో వంతు తగ్గాయి. రాని చోట ఏమీ లేదు.

అంటే తమ్ముడూ, నీ మీటింగుకి ఎంతమంది వచ్చారన్నది కాదు, గర్భిణులు ఎంతమంది వచ్చారన్నదే లెక్క.

ఇంకో చేదు మాట కూడా చెప్తాను. మీ 12 గూడేలు కలిపి 3,000 జనాభా అనుకుందాం. వెయ్యికి 20 చొప్పున ఏడాదికి 60 కాన్పులు. దేశ సగటు చూస్తే, 2020లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 20 మంది నెల లోపే పోయారు. మీ దగ్గర అంతకంటే ఎక్కువే, 30 అనుకున్నా, ఏడాదికి ఇద్దరు పిల్లలు. ఈ ఏడాది ఇద్దరు పోయి, వచ్చే ఏడాది ఒకరు పోతే "సగం తగ్గించాం" అని రిపోర్ట్ రాస్తారు మీవాళ్లు. అది అబద్ధం. వచ్చే ఏడాది ముగ్గురు పోతే మీ పని దండగ అంటారు. అదీ అబద్ధమే. అంత చిన్న లెక్కలో ఏదీ తేలదు. చావుల్ని కాదు, మధ్యలో ఉన్నవాటిని లెక్కపెట్టుకోండి. ఎంతమంది గర్భిణులు వచ్చారు, మొదటి వారంలో ఎంతమంది పిల్లల్ని తూచారు, పుట్టిన రోజే స్నానం ఎంతమందికి చేయించారు, ఇలాగ.

మన్యం_కుర్రాడు:
మాస్టారూ, నిజం చెప్పాలంటే మా అప్లికేషన్‌లో "మరణాలు 25 శాతం తగ్గిస్తాం" అని రాసేశాం. ఇప్పుడే ఫోన్ చేసి మార్చమంటున్నాను.

పాలమూరు_సర్వేయర్:
తెలుగు గడ్డ మీద కూడా ఇలాంటి పరీక్ష జరిగింది, ఎవరూ చెప్పట్లేదేమిటా అని చూస్తున్నా. నాగర్‌కర్నూల్‌లో, అప్పటికి ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా. 464 ఊళ్లు తీసుకుని సగం ఊళ్లలో చేశారు. ఊళ్లో ఆడవాళ్ల సంఘాలతో ఆరోగ్య ప్రచారం, దానితోపాటు కాన్పుకి, పసిబిడ్డ వైద్యానికి ప్రైవేటు ఆస్పత్రితో ఒప్పందం. ఫలితాలు 2017లో వచ్చాయి. నెల లోపు పిల్లల మరణాలు 24 శాతం తక్కువ. జార్ఖండ్‌లో మీటింగు ఒక్కటే చేసినా తగ్గింది. ఇక్కడ మీటింగుకి ఆస్పత్రిని జత చేశారు. రెండిట్లో ఏది ఎంత పని చేసిందో విడదీసి చెప్పలేం. కానీ ఊళ్లో మాట, ఆస్పత్రిలో మంచం, రెండూ కావాలని మాత్రం నాకనిపిస్తుంది.

కరీంనగర్_రవి:
అసలు సమస్య ఆస్పత్రులే. మాస్టారు చెప్పిన ఐదో సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లేనట! అందులో దేశంలో మనమే ఫస్ట్. మీటింగులు పెట్టాల్సింది ఊళ్లో కాదు, డాక్టర్లకి పెట్టాలి.

పిల్లల_డాక్టర్:
రవి గారూ, ఆ కోపంలో న్యాయముంది. అందుకే మీ కరీంనగర్ ప్రభుత్వాస్పత్రిలోనే 2017లో ప్రత్యేకంగా మిడ్‌వైఫ్‌లకి, అంటే మామూలు కాన్పులు చేసే నర్సులకి, శిక్షణ మొదలుపెట్టారు. కానీ ఒకే రాష్ట్రంలో ఒకచోట అవసరం లేని కత్తి, ఇంకోచోట అవసరమైన కత్తి దొరకకపోవడం రెండూ ఉన్నాయి. దానికి వేరే చర్చ మొదలుపెడితే నేనూ వస్తాను.

ఏజెన్సీ_నర్సు:
మా బాధ దూరం. నొప్పులొచ్చాక డోలీ కట్టి, వాగు దాటి, రోడ్డెక్కి, అక్కడ్నుంచి అంబులెన్స్. ఫీడర్ బైక్ అంబులెన్సులు వచ్చాక కొంచెం నయం, కానీ వాగు పొంగితే బైకైనా ఆగాల్సిందే. ఆలస్యాలు మూడు రకాలని మాకు ట్రైనింగ్‌లో చెప్తారు: బయల్దేరదామని అనుకోవడంలో, దారిలో, ఆస్పత్రికి చేరాక. వాగు రెండోది. దానికి మంచి ఉపాయం, ముందే తీసుకొచ్చేయడం. సాలూరులో 2018లో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) వాళ్లు గర్భిణుల వసతి గృహం పెట్టారు. నెలలు నిండేముందే కొండ దిగి వచ్చి అక్కడ ఉంటారు, నొప్పులు రాగానే పక్కనే ఆస్పత్రి.

కానీ సిస్టర్‌గా నా అనుభవం చెప్తున్నా, అలాంటి చోటుకి రమ్మంటే మొదట "రాను" అంటారు. ఇంట్లో ఇంకో ఇద్దరు పిల్లలు, మేకలు, పోడు పని. ఎవరు చూస్తారు? నేను వంద సార్లు చెప్పినా రాని మనిషి, చుట్టుపక్కల ఆడవాళ్లు "మేకల్ని మేం తోలుకెళ్తాంలే, పో" అంటే వచ్చింది. అది మీటింగులో తేలే విషయమే, నా చేతిలో లేదు.

ఇప్పచెట్టు:
సిస్టర్ చెప్పిన మేకల సంగతే అసలు సంగతి.

తమ్ముడూ, రెండు జాగ్రత్తలు. డ్వాక్రా మీటింగుతో కలిపేస్తే సుళువని ఎవరో ఒకరు నీకు చెప్తారు. కలపకు. అప్పు కంతుల గొడవ వచ్చిందంటే బిడ్డ సంగతి ఎవరికీ గుర్తుండదు. పైగా డ్వాక్రా సంఘంలో లేని నిరుపేద ఇల్లే నీకు కావల్సిన ఇల్లు. రెండోది, నడిపే మనిషిని ఆ గూడెం భాషలోంచే తీసుకో. మీ దగ్గర కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడేవాళ్లు ఉంటారు కదా, తెలుగు బాగా వచ్చిన అమ్మాయిని పెడితే మీటింగు బడి అయిపోతుంది.

ఆశా_అక్క:
ఇంకొకటి. అక్కడి ఆశాని పక్కన పెట్టి చెయ్యొద్దు బాబూ. బయటోళ్లు వచ్చి ఏడాది చేసి పోతరు, తర్వాత అందరూ ఆమెనే అడుగుతరు. జార్ఖండ్‌లో ఆశాని సహియా అంటరంట, తర్వాత వాళ్లే ఈ మీటింగులు నడిపిన్రని మా ట్రైనింగ్‌లో చెప్పిన్రు.

ఇప్పచెట్టు:
అవునక్కా. ఆశాలతో నడిపించి మళ్లీ పరీక్ష చేశారు, 2016లో ఫలితం వచ్చింది. అప్పుడూ 31 శాతం తక్కువ. ఆశా ఇంటింటికీ తిరుగుతుంది, ఎవరు నెల తప్పారో ముందు ఆమెకే తెలుస్తుంది. మాస్టారు చెప్పిన 30 శాతం గర్భిణులు ఆమె లేకుండా రారు.

మన్యం_కుర్రాడు:
నాలుగు నెలల తర్వాత మళ్లీ రాస్తున్నాను. ఎవరైనా చూస్తారో లేదో.

మొదటి మీటింగుకి 19 మంది వచ్చారు. ఎగిరి గంతేశాను. తర్వాత మాస్టారి మాట గుర్తొచ్చి లెక్కపెడితే అందులో గర్భిణి ఒక్కతే. మిగతా వాళ్లంతా అత్తలు, అమ్మమ్మలు. కోడళ్లేరని అడిగితే "పనికెళ్లారు" అన్నారు. ఉదయం పది గంటలకి పెట్టాం మరి. మనకి ఆఫీసు టైం కదా అది!

రెండో నెల "మీ కోడళ్లు ఎందుకు రాలేదు?" అన్నదాన్నే ఆట చేశాం. ఇప్పచెట్టు అక్క చెప్పినట్టు ఎందుకు, ఎందుకు అనుకుంటూ పోయాం. నీళ్లు తేవాలి, ఎందుకంటే ఊట దూరం, ఎందుకంటే పైన గొట్టం పగిలింది, ఎందుకంటే బాగుచేయించమని ఎవరూ అడగలేదు. మీటింగు పెట్టింది పసిబిడ్డల గురించి, తేలింది నీళ్ల గొట్టం దగ్గర. ఆ వారంలోనే మగవాళ్లు వెళ్లి రబ్బరు చుట్టి కట్టేశారు. ఇప్పుడు సంత మర్నాడు సాయంత్రం కూర్చుంటున్నాం. పోయిన నెల 23 మందిలో గర్భిణులు 7.

ఏ కబురూ ఇంకా గొప్పగా లేదు. ఒక బిడ్డ పోయింది కూడా, నెలలు నిండకుండా పుట్టింది, అంబులెన్స్ ఎక్కేలోపే అయిపోయింది. ఆ తల్లి తర్వాతి మీటింగుకి వచ్చి ఒక మూల కూర్చుంది. ఎవరూ ఏమీ అడగలేదు. వెళ్లేటప్పుడు బొమ్మల కార్డుల సంచి ఆమే మోసుకొచ్చి మా బండి మీద పెట్టింది.

పిల్లల్ని తూచడానికి తక్కెడ కొన్నాం, కొక్కేనికి జోలె వేలాడేసే రకం.

ఆశా_అక్క:
చూసిన బాబూ. స్ప్రింగ్ తక్కెడయితే ఖాళీ జోలె వేసి ముల్లు సున్నా మీద ఉందో లేదో ప్రతిసారీ చూడు. మాది ఒకటి ఏడాదంతా ఎక్కువ చూపించింది, ఎవరికీ తెలీలేదు.

మన్యం_కుర్రాడు:
ఇప్పుడే చూశానక్కా. వంద గ్రాములు ఎక్కువ చూపిస్తోంది! మరలు తిప్పి సున్నాకి తెచ్చాం. ఇప్పటిదాకా తూచిన ఐదుగురినీ రేపు మళ్లీ తూచడానికి వెళ్తున్నాం.